వణుకే కూడు

కార్లైల్ దాటాక, ఈడెన్ నది మీది పాత వంతెన.
ఆరో కమాను కింద
అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి బిగించాం,
నేనూ, ఆల్విన్ టిండలూ.

ఇదివరకటి దానికి బ్యాటరీలు.
ఏడాదికోసారి తాడు కట్టుకుని దిగి
కొంకర్లు పోయిన వేళ్లతో మార్చేవాళ్లం.
ఒకటి జారి నీళ్లలో పడింది.
సాల్మన్ చేపలకు కరెంటొచ్చిందని
ఆల్విన్ ఇప్పటికీ నవ్వుతాడు.

ఇది రైలు వణుకు తిని బతుకుతుంది.
పొద్దుటి లోకల్ అంటే గుక్కెడు గంజి.
జిప్సం గూడ్సు వస్తే పెళ్లిభోజనం.
కాస్త కూడబెట్టుకుని
ఒక్క మాట పంపుతుంది, పగులు పెరగలేదని.
మళ్లీ మగత.

మొన్న సమ్మెలో మూడు రోజులు పట్టాలు ఖాళీ.
తెర మీద దాని గడి బూడిదరంగు.
చచ్చిందేమో, వెళ్లి చూద్దామన్నాను.
"మీద బరువే లేనప్పుడు
వంతెనకు చెప్పుకోడానికేముంటుంది?"
టీ ఊదుకుంటూ అన్నాడు ఆల్విన్.

నాలుగో పొద్దున, వానలో,
ఖాళీ బోగీలతో మెల్లగా పోయింది ఓ బండి.
చాల్లేదు.

దాని వెనకది వచ్చేదాకా
ఇద్దరం ఆ గడినే చూస్తూ
కుర్చీలుండగా
నిలబడే ఉన్నాం.