రెండో తాళంచెవి

అడ్డగుట్టలో, రేషన్ దుకాణం పైన,
రేకుల కింద మూడు రోజుల శిక్షణ.
గోడకు చార్టు అంటిద్దామంటే
సున్నం రాలి టేపు నిలవదు.
చివరికి కిటికీ ఊచలకు
బట్టలారేసే క్లిప్పులతో వేలాడదీశాను
'సంస్థాగత సామర్థ్యం' అనే మాటని.
గాలికి అది తిరగబడి
తెల్లటి వీపు చూపించింది.

ఇక్కడ తెల్లవారుజామున మూడున్నరకే తలుపు తీస్తారు.
చీపుర్లు పట్టుకుని రోడ్లెక్కే తల్లులు
నిద్రలో ఉన్న పిల్లల్ని భుజం మార్చి వెళ్తారు.
పిల్లలకు తెలియదు
ఏ చేతుల్లో పడుకున్నారో, ఏ చేతుల్లో లేచారో.
పంతొమ్మిదేళ్ళుగా ఆ రెండో చేతులు
బాలనర్సమ్మవి.

ఆమె లెక్కలు ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి.
పాలవాడి చీటీలు, సిలిండర్ రసీదులు,
సిగరెట్ పెట్టె అట్ట మీద గుడ్ల బాకీ.
అడిగితే డబ్బా తెరవదు,
కళ్ళు మూసుకుని చెబుతుంది:
"పోయిన శ్రావణంల ఇరవై రెండు మంది,
అండ్ల నలుగురికి దద్దుర్లు.
గ్యాస్ రెండు. ఒకటి అరువు."
మేం డబ్బా బోర్లించి కూడితే
పదకొండు రూపాయలు తేడా వచ్చింది.
తప్పు మా కూడికలో.

నేను కన్సల్టెంటుని.
నా మూడు రోజుల ఫీజు వీళ్ళ రెండు నెలల పాల ఖర్చు.
ఆ సంగతి దాత పంపిన కాగితంలో ఉంది.
నౌషీన్ చదివింది. చదివి,
చాయ్‌లో చక్కెర ఎంత వేయాలని అడిగింది.

మొదటి రోజు ఓచర్లు.
"కాగితం లేని ఖర్చు జరగనట్టే" అన్నాను.
"గట్లయితే మేం పంతొమ్మిదేండ్లు
జరగనట్టేనా మేడం?" అంది వెనక నుంచి యాదలక్ష్మి.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

రెండో రోజు పదకొండింటికి
ఎవరి బాధ్యత ఏమిటో గళ్ళు గీసి, బాణాలు వేస్తుంటే
కింద నుంచి కేక: "నల్లా వచ్చిందీ!"
గది ఖాళీ.
మార్కర్ మూత పట్టుకుని నేనూ,
ఉయ్యాల్లో ఏడు నెలల పిల్లాడూ.
వాడు నా మీద మూల్యాంకనం మొదలుపెట్టాడు.
పెదవి వంకర పోయింది. ఎత్తుకున్నాను.
బిందెలు నిండి వాళ్ళు పైకొచ్చేసరికి
నా ఇస్త్రీ చీర తడిసి ఉంది.

మధ్యాహ్నం అసలు ప్రశ్న.
ప్రతిచోటా అడుగుతాను, అలవాటైన గొంతుతో,
"రేపు మీరు లేకపోతే?" అని.
మౌలాలిలో ఒకాయన నవ్వి దాటేశాడు.
చింతల్‌లో ఒకామె కోడలి పేరు చెప్పింది.
బాలనర్సమ్మ కొంగు ముడి గట్టిగా పట్టుకుంది.
తాళంచెవి అందులోనే.
"అంటే... నన్ను పొమ్మంటున్రా?"
కాదన్నాను. వారసత్వ ప్రణాళిక అన్నాను.
అన్నాక ఆ మాట పంటి కింద
ఉడకని శనగలా మిగిలింది.
ఆమె లేచి పాలగిన్నెలు తోమడానికి వెళ్ళింది.
తోమినవే మళ్ళీ తోమింది.

ఆ సాయంత్రం ఆలుగడ్డబావి దగ్గర నిలబడి
నా ప్రశ్న నన్నే అడిగి చూసుకున్నాను.
బస్సు వచ్చింది. ఎక్కేశాను.

మూడో రోజు
పొద్దున తలుపు తీసి, పిల్లల్ని అప్పగించి
ఎటో వెళ్ళిపోయిందట ఆమె.
సెషను సగమయ్యాక వచ్చింది,
చిలకలగూడ నుంచి నడిచి, చెమటతో.
కొంగు ముడి విప్పింది.
రెండు తాళంచెవులు.
ఒకటి వేళ్ళ రాపిడికి నున్నబడింది,
ఇంకోదాని మీద ఆకురాయి గీతలింకా మెరుస్తున్నాయి.
నౌషీన్ ముందు పాతది పెట్టింది.
"కొత్తది ఒక్కోపారి పట్టేస్తది, సతాయిస్తది.
ఎట్ల తిప్పాల్నో నాకెర్క."

తర్వాత చిన్న పర్సులోంచి ఒక చీటీ తీసింది.
తాళాలు చేసేటాయన బిల్లు ఇయ్యనంటే
పక్కన కూసుండి రాయించిందట,
తేదీ వేయించి, సంతకం పెట్టించి.
నలభై రూపాయలు.
"గిది ఏ పద్దు కింద రాయాలె మేడం?"

నాకు తొమ్మిది పద్దులు కంఠస్థం.
ఏడోదాకా వచ్చాను.
నౌషీన్ ఆగలేదు.
'ఇతర ఖర్చులు' అని రాసి
ఓచరు నెంబరు వేసింది:
ఒకటి.