రెండు నలుపులు

జ్ఞానాపురంలో మా కిటికీ గట్టుని
రోజుకి రెండుసార్లు తుడుస్తుంది నూకరత్నం.
గుడ్డ నల్లబడుతుంది, గట్టు నల్లగానే ఉంటుంది.
ఆరేసిన తెల్లచొక్కా మీద
రేవు వేలిముద్ర వేసి పోతుంది.
ఆమె నన్నేమీ అనదు.
ఆ బొగ్గు దించే క్రేను నాదే.

ఇరవయ్యారేళ్ళు.
ఎక్కడి అడవులో, ఎన్ని కోట్ల ఏళ్ళ నిద్రో,
ఓడ కడుపులోంచి తోడి
గుట్టలు పోసి లేపాను.
తుమ్మితే రుమాల్లోనూ అదే.

నిన్న నైట్‌షిఫ్ట్ దిగి పద్మనాభం బస్సెక్కాను.
పరదేశి, నూకరత్నం తమ్ముడు.
ఎకరం పాతిక సెంట్లు, ఎర్రనేల.
నాలుగేళ్ళ కిందట అది నేల కాదు, ఇటుక.
వాన పడితే నిలవకుండా గెడ్డలోకి పరిగెత్తేది,
యూరియా బస్తాల అప్పు మాత్రం నిలిచేది.

ఇప్పుడు దున్నడు.
నడి ఎండల్లో, చినుకన్నా పడకముందే
జనుము, అలసంద, చోడి, గంటి, నువ్వు
కలిపి చల్లేశాడు. ఊరు నవ్వింది.
మోకాలెత్తు పెరిగాక
ఆ పచ్చనంతా అక్కడికక్కడే పడుకోబెట్టాడు.
"మట్టికి బట్ట కట్టాల బావా,
సిగ్గు మనకేనేటి?"

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.
భూసార పరీక్ష. సేంద్రియ కర్బనం
అప్పుడు సున్నా పాయింటు మూడు,
ఇప్పుడు సున్నా పాయింటు ఐదు.
కూతురి మార్కులు చూపించినట్టు చూపించాడు.
నాకు లెక్కలు వచ్చు.
అతని నాలుగేళ్ళూ కలిపితే
నా క్రేనుకి ఒక్క పిడికిలి.

ఆ మాట అనలేదు.
అన్నానేమో.
అన్నాను.
అతను కాసేపు ఒక వానపామునే చూశాడు.
"నీ క్రేను కిందకి దింపుద్ది బావా,
నానేమో లోనకి దింపుతున్నాను"
అని, పిల్లిపెసర తీగ పక్కకి తప్పించి
గుప్పెడు పెళ్ళగించి నా చేతిలో పెట్టాడు.
ఎర్రనేలలో నలుపు.
చల్లగా ఉంది, నొక్కితే ముద్దయింది,
వేలు తాకితే విడిపోయింది.

సాయంత్రం రుమాలు విప్పుతుంటే
"ఇంటికి కూడా మోసుకొచ్చావా?" అంది నూకరత్నం.
వాసన చూడమన్నాను.
చూసింది. మళ్ళీ చూసింది.
"పుట్టగొడుగులు" అంది.
కరివేపాకు పెంచే రంగుడబ్బాలో
రుమాలు అంచులతో సహా దులిపింది.

తెల్లారేసరికి గట్టు మీద మళ్ళీ పొడి.
తడిగుడ్డ పట్టుకుని ఆగిపోయింది:
"ఇదీ ఒకప్పుడు ఆకేనా?"

నాకు షిఫ్టుకి టైమవుతోంది.