ఎనిమిదో తొమ్మిదో

కురుపాం మార్కెట్లో పదింటికి
కామాచారి గోనెసంచి తిరగేస్తాడు.
రాజులూ రాణులూ దొర్లుకుంటూ వచ్చి
నా మోకాళ్ళ దగ్గర ఆగుతారు.
నాలుగు కిలోల రెండొందల గ్రాములు.
మూడింటికి కొలిమి రాజేస్తాడు,
ఈలోగా నేనేది ఏరుకున్నా తూకం ధరే.
అదీ మా ఒప్పందం.

ముప్ఫైయొక్క ఏళ్ళు పోర్టులో టాలీ క్లర్కుని,
మాంగనీసు వేగన్లు లెక్కపెట్టిన కళ్ళు.
లెక్క మానేస్తే నిద్ర పట్టదు.
అందుకే ఆదివారాలు ఇలా.

ముందు అంచు తడుముతాను.
వేలి కొసన నిలబెట్టి గోటితో మీటితే
వెండి చాలాసేపు మాట్లాడుతుంది,
సీసం ఒక్క ముక్కతో నోరు మూసుకుంటుంది.
విక్టోరియా వెనకాల మళ్ళీ మళ్ళీ అరవైరెండే,
పన్నెండేళ్ళు టంకశాల ఆవిడకి వయసు పెంచలేదు.
పదకొండు నాటి రాజుగారి అంగీ మీద ఏనుగు
పందిలా ఉందని అప్పట్లో గోలట;
నాకైతే ఇప్పటికీ పందే.
ఇదిగో, ఎవరో చింతపండు పెట్టి తోమేశారు,
తళతళ! చచ్చింది దాని విలువ.
నలుపు కడగొద్దర్రా, అదే దాని సొమ్ము.
ఎవరికి చెప్తున్నానో,
కామాచారి బీడీకి వెళ్ళాడు.

పన్నెండున్నరకి, సంచి అడుగున
దండ ఒకటి, నల్లతాడుతో సహా.
ఇరవైరెండు బిళ్ళలు, ప్రతిదానికీ కొక్కెం.
కొక్కెం అతికినది కొనేవాడుండడు.
తోసేయబోయాను.
ఆఖరి బిళ్ళ మీద రాజు తలకిందులు.
ఏ కంసాలో, దీపం కొండెక్కాక అతికించినట్టున్నాడు.
వెనక్కి తిప్పితే ఒకటి, తొమ్మిది, మూడు,
ఆ తర్వాతి అంకె మీద
టంకం బొట్టు.

ఈ రాజుకి మంచి వెండిలో రెండేళ్ళే.
ముప్ఫైయెనిమిదైతే ఏ సంతలోనైనా దొరుకుతుంది.
ముప్ఫైతొమ్మిదైతే
నేనిక్కడ చాప అరగదీస్తున్నది దానికోసమే.

"ఎవరిదిది?"
కామాచారి గడ్డంతో మెట్టు వైపు చూపించాడు.
కిల్లో బుద్రి. హుకుంపేట అవతల ఊరు.
కాఫీ పళ్ళ తొక్క తీసే మిషనుకి డబ్బు చాల్లేదట.
నోట్లు మూడోసారి లెక్కపెడుతోంది.
నా జాతి మనిషే.

"ఏ సంవత్సరం చేయించారమ్మా?"
ఆలోచించింది.
"మా తాతని ఎలుగు గీరింది, ఆ యేడు."
"అదెప్పుడు?"
"జీలుగు సెట్లు పడిపోయిన గాలికి తరవాత."
నా కేటలాగులో ఆ పేజీ లేదు.

"ఈ రాజు తలకిందులుగా ఉన్నాడేం?"
నవ్వింది. దండ తీసుకుని మెడలో వేసుకుంది,
తల వంచింది.
"మీకు తలకిందులు.
ఏసుకున్నోళ్ళు కిందకి సూస్తే నిలువుగానే ఉంటాడు."

కంసాలికి చూపు బాగానే ఉంది.

చెప్పకుండా ఉండొచ్చు. తూకం ధరకి
జేబులో వేసుకుపోవచ్చు, ఒప్పందం ఉంది.
ఎంతసేపు అలా ఉన్నానో లెక్కపెట్టలేదు.
"తొమ్మిదైతే మిషన్లు రెండొస్తాయి," అన్నాను.
"ఎనిమిదైతే?"
"తులం వెండి."
"అయితే ఊదు," అంది కామాచారితో.

ఊదుగొట్టం మొనన నీలం మంట.
టంకం చెమర్చింది, కదిలింది, పక్కకి జారింది.
భూతద్దం కింద ముగ్గురి తలలు.
అంకె పైన సున్నా స్పష్టంగా ఉంది.
ఎనిమిదికీ ఉంటుంది, తొమ్మిదికీ ఉంటుంది.
కింది సగం
అరచేతిలా చదును.

హార్బరు వైపు ఓడ కూసింది.
కామాచారి దగ్గాడు.
నాకు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

నోట్లలోంచి తులం ధర తీసి
పెట్టె మీద పెట్టింది బుద్రి.
"మిగతావి కరిగించీ.
దీనికి కొక్కెం పెట్టీ, నాలుగింటికి బస్సు."
కామాచారి పట్టకారుతో పట్టుకుని
అలవాటుగా రాజుని నిటారుగా తిప్పాడు.

"అలాక్కాదు," అంది.
తిప్పాడు.
టంకం బొట్టు
మళ్ళీ అక్కడే పడింది.