నాలుగు నుంచి ఏడు దాకా

ఎర్రగుంట్లలో బడి గంట నాలుగుకు కొడతాది.
పాలిష్ మిషన్ ఆగేది ఏడుకు.
నడాన మూడు గంటలు
ఎవురివీ కావు.

ఆ మూడు గంటల్లోనే
ఓబులేసు కొడుకు
నీళ్లు నిండిన గనిగుంతలో దిగినాడు.
చొక్కా, నిక్కరు గట్టున మడిచిపెట్టి
గాలికి ఎగరకుండా పైన రాయి పెట్టి.
ఆ మడత నా కండ్లల్లోంచి పోల్యా.

నేను కాటా కాడ బరువులు రాసినోణ్ణి, ముప్పై ఏండ్లు.
ఉత్త లారీ ఎంత, నిండు లారీ ఎంత,
తేడా రాయడం తప్ప ఇంగేమీ తెలీదు.
మూతపడిన మిషన్ షెడ్డు తాళంచెవి అడిగితే
ఓనరు నవ్వినాడు:
"ఏం, పాముల్ని సాకుతావా?"

పాములేం లేవు. రాతిపాల బురద,
ఎండి గట్టిపడి మోకాటిలోతు.
గంగులమ్మా, మస్తాన్‌బీ
వారం దినాలు గడ్డపారలతో తవ్వినారు.

మొదటి దినం నలుగురు.
ఇద్దరు శెనగ గుగ్గిళ్ల కోసరం,
ఒకడు అక్క ఈడ్చుకొస్తే.
మాబున్ని ఎందుకొచ్చిందో చెప్పలా.

పలకలకేం కొదవ, ఊరంతా పలకే.
నాపరాతి తుంటలు ఏరుకొచ్చి
ఎక్కాలు రాసినారు, ఏనుగులు గీసినారు,
తిట్లు కూడా రాసినారు.
తిట్లల్లో ఒత్తులు దిద్దినాను.

డిగ్రీ చదివే హిమజ
బేస్తవారం బేస్తవారం కబడ్డీ ఆడిస్తాది.
"ఆడపిల్ల కూత ఏం కూత" అన్నోడు
ఇప్పుడు ఆ యమ్మి కంటే ముందొచ్చి
గీతలకు సున్నం పోస్తాడు.

బస్టాండు ఎనక పేకాటరాయుళ్లకు
బీడీలు తెచ్చిచ్చే పిల్లోళ్లు దొరకడం లేదంట.
టీ అంగడి దస్తగిరి చెప్పినాడు,
నవ్వుకుంటా.

మొన్న చదరపడుగులు చెప్పినా.
పొడుగూ ఎడల్పూ గుణించండి, అంతే.
మాబున్ని ఇంటికి పోయి
వాళ్లమ్మను అడిగింది, శుక్రారం ఎన్ని బండలని.
చిక్కుళ్లు ఒలుస్తా ఆయమ్మ చెప్పింది:
మూడుకు మూడువి, ఇరవై నాలుగు.

శనివారం బట్వాడా.
మేస్త్రీ నూటా ఎనభై అన్నాడు.
ఎనక నుంచి సన్నటి గొంతు:
"రెండు నూర్ల పదహారు, మామా."

మిషన్లు ఆగినాయి అనను. తిరుగుతానే ఉన్నాయి.
మేస్త్రీ పుస్తకం తిరగేసినాడు,
ముక్కు గోక్కున్నాడు,
ముప్పైయారు అడుగుల దుడ్లు ఎంచి ఇచ్చినాడు.
ఎవురూ చప్పట్లు కొట్టలా.
ఆ వారం నించి మాత్రం
రాసేది చదివి వినిపిస్తాండాడు.

ముప్పై ఏండ్లు కాటా కాడ కూచున్నోణ్ణి,
నాకు తెలీని లెక్క కాదది.
తెలిసీ రాసినా.
ఆ మాట మాబున్నికి ఇంగా చెప్పలా.

ఏడవుతాది. కొంగుల్లో రాతిదుమ్ముతో
తల్లులొచ్చి పేర్లు పెట్టి పిలుస్తారు.
నేను పిల్లోళ్లను ఎంచుతా,
తప్పితే మళ్లీ మొదటి నుంచి ఎంచుతా.

ఓబులేసు వచ్చి గడప మీద కూచుంటాడు.
ఎవురినీ పిల్చడు.
నేను బల్బు ఆర్పే దాకా ఉండి, లేచి,
పంచె దులుపుకుంటా
రోజూ ఒకటే అడుగుతాడు:
"రేపు గూడా తెరుస్తావు గదా?"