ముప్పై ఏడో పేజీ

పాత మాన్యువల్ నూట నలభై పేజీలు.
హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి
షెడ్డు గుమ్మం దాకా తొంగిచూసి, రెండు టీలు తాగి,
చెక్కు జేబులో పెట్టుకుని రాసిచ్చి పోయాడు.
ముప్పై ఏడో పేజీలో
మా కంపెనీ పేరుండాల్సిన చోట
ఎవరిదో కోయంబత్తూరు బాయిలర్ల కంపెనీ పేరుంది.
నాలుగేళ్లుగా ఎవరూ చూడలేదు.
ఆటోనగర్ దుమ్ము ఒక్కటే
ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివింది.

"పనికొచ్చేది ఒకటి రాయమ్మా,"
నా బల్ల మీద దాన్ని పడేసి అన్నారు శోభనాద్రి గారు.
ముందురోజే కైకలూరు నుంచి
చేపపిల్లల ట్యాంకు వెనక్కొచ్చింది.
అడుగు అతుకులో వెంట్రుకంత సందు.
నీళ్లు దారంతా కారిపోయి
చెరువు చేరేసరికి
అడుగున గుప్పెళ్లకొద్దీ
తళతళలాడుతూ, కదలకుండా.
రైతు తిట్టలేదు. అదే బాగాలేదు.

పాలిటెక్నిక్ భాషలో మొదలుపెట్టాను:
'వెల్డింగు ప్రక్రియ యందు తగు జాగ్రత్తలు వహించవలెను.'
మీరావలి మామ చదివించుకుని విన్నాడు.
"యందు అంటే ఎక్కడ పిల్లా?
ఏ టేబుల్ మీద?"

కొట్టేశాను.
మర్నాటి నుంచి కాగితాన్నే షెడ్డులోకి తీసుకెళ్లాను.

రాడ్డు చెమ్మగిల్లిందని ఎలా తెలుస్తుంది మామా?
"చెప్పను, విను" అని
ఒకటి అంటించాడు. చింతనిప్పుల మీద వేరుశనక్కాయల్లా
ఒకే తీరున చిటచిట.
ఇంకొకటి. తడి మూకుట్లో నూనె పోసినట్టు
పేలుడు, చిమ్ముడు, మళ్లీ పేలుడు.
"ఇది జూలై రాడ్డు.
బందరు కాలవ గాలి తాగి కూర్చుంది."

రాడ్లు ఆరబెట్టే ఓవెన్ తెరిస్తే
లోపల ఏసుపాదం అన్నం క్యారేజీ.
'ఓవెన్లో క్యారేజీలు పెట్టరాదు' అని రాసి
కాసేపు ఆగాను.
కింద ఇంకో ముక్క చేర్చాను:
'అన్నం వేడికి కంపెనీ వేరే స్టవ్వు కొనాలి.'
చల్లటి మెతుకులు తినమని చెప్పే రూలు
ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఐదో పేజీ దగ్గర శోభనాద్రి గారు కలం ఎత్తారు.
'అనుమానమొస్తే ఎవరైనా పని ఆపొచ్చు.'
ఎవరైనా మీద సున్నా చుట్టారు.
"ఎవరైనా అంటే, ఊడ్చేవాడు కూడానా?"
ఊడ్చేవాడు కూడానండీ.
చాలాసేపు ఆ సున్నాను చూశారు.
చెరపలేదు, ఒప్పుకోనూ లేదు.
పుస్తకంలో ఇప్పటికీ ఉంది ఆ సున్నా.

కైకలూరు ట్యాంకు అడుగు మార్చి కొత్తది వేశాం.
అతుకుకి బయట సున్నం, లోపల కిరసనాయిలు.
అరగంట ఆగమని రాసుకున్నాం కనక ఆగాం.
లారీవాడు హారన్ మీద హారన్.
ఇరవై ఆరో నిమిషంలో ఏసుపాదం
సున్నం మీదకు వంగాడు.
కందిగింజంత మచ్చ.
పక్కనే పంచికొట్టిన ఏడో నంబరు,
మీరావలి మామ ముద్ర.
కుర్రాడు నోరు తెరిచాడు, మూశాడు,
నా చేతిలో పుస్తకాన్ని చూశాడు.
"ఆపండి" అన్నాడు,
ఎవరికీ వినపడనంత చిన్నగా.
మామకి వినపడింది.

గ్రైండర్ తనే అందుకున్నాడు.
రవ్వలు ఆరాక నా దగ్గరకొచ్చి
"చివరి కాగితాల్లో రాయి. ఏడో నంబరు, అడుగు అతుకు,
మూల తిరిగేచోట చెయ్యి తొందరపడింది."
పేరెందుకులే మామా అన్నాను.
"ఇనుము మీదుంటే లేని సిగ్గు
కాగితం మీదేంటి?"

మా మాన్యువల్ ఇప్పుడు పదకొండు పేజీలు.
వేలిముద్రలు, మసి, ఒకచోట పచ్చడి మరక.
గ్రైండర్ పక్కన మేకుకి వేలాడుతుంది,
గాలికి దానంతటదే తెరుచుకుంటుంది.
ముప్పై ఏడో పేజీ ఇంకా రాలేదు.
అక్కడిదాకా వెళ్లాలంటే
ఇంకా ఎన్ని మచ్చలు
మా పేర్లతో మేమే రాసుకోవాలో.