ఒకటో నెంబరు

కరెంటు పోయింది రెండూ పదికి.
ఇసకపల్లి ఉప్పుకయ్యల మీద నించి గాలొచ్చి
షెడ్డు రేకుల్ని తడుముతా ఉంది.
నేను సెల్లు వెలుగులో
పెట్టె వైపే చూస్తా కూచున్నా.
మా పన్నెండు రొయ్యల గుంటల్లో
ఏరేటర్లన్నిటికీ అదే మేస్త్రి.

చెంచురామయ్య జనరేటరు తిప్పాడు.
రెండుసార్లు దగ్గింది, మూడోసారి అందుకుంది.
పెట్టెలో చిన్న పచ్చదీపం.

ముందు లేచేది పెద్దవాడేం కాదు.
చిప్పులో ఓ మూల పడుకుని
నాలుగు ముక్కలు కంఠతా పట్టినవాడు:
మెమరీ ఉందా, డిస్కు ఉందా,
ఉంటే దాని మొదటి పేజీ తియ్.
ఆ పేజీ ఇంకొకణ్ణి పిలుస్తుంది.
వాడు చుట్టిపెట్టిన కెర్నెల్ని
చాపలా విప్పి పరిచి పక్కకి తప్పుకుంటాడు.
లేపినవాళ్ళెవరూ తెల్లారేదాకా ఉండరు.

నల్లటి తెరమీద తెల్ల అక్షరాలు చీమలబారు.
డిస్కుని ముందు చదవడానికే తెరుస్తుంది,
రాయనివ్వదు.
అర్ధాంతరంగా దీపమారిన ఇల్లు గదా,
ఎక్కడేం ఒలికిందో చూసుకోవాలి.

అప్పుడు పుడతాడు ఒకటో నెంబరు.
తర్వాత పుట్టే పనులన్నిటికీ వాడే పెద్ద.
కన్నవాడు ముందే పోయిన పనులుంటాయి,
వాటిని చేరదీసేదీ వాడే.
పని ముగిసినా పట్టీలో పేరు పోక
శవాల్లా నిలబడేవాళ్ళుంటారు,
వాళ్ళ పేరు కొట్టేసేదీ వాడే.
వాడే కూలితే ఇంక చెప్పేదేముంది.

చెంచురామయ్య చుట్ట నలిపి అడిగాడు:
"జీతమెంతిస్తారబ్బయా వాడికి?"

గడియారం. సరే.
చిట్టా రాసేవాడు. సరే.
నీళ్ళలో ఆక్సిజన్ కొలిచేవాడు. సరే.
నెట్‌వర్కు.

నెట్‌వర్కు దగ్గర ఆగింది.
ఎర్ర చుక్కొకటి అటూ ఇటూ పరిగెత్తతా
తొంభై సెకన్లు లెక్కబెడతా ఉంది.
అల్లూరు టవరు ఈ గాలికి పడుకున్నట్టుంది.
తొంభై అయిపోయింది. రాలేదు.
దాని కిందే ఇంకో వరస:
ఏరేటర్లు. కావలసింది లేదు గనక మొదలుపెట్టలేదు.

కొలిచేవాడు మాత్రం బుద్ధిగా చెప్తా ఉన్నాడు.
మూడున్నర.
మూడు పాయింట్ ఒకటి.
రెండు పాయింట్ ఎనిమిది.
టార్చి వేస్తే ఐదో గుంటలో
రొయ్యలు పైకి తేలి అంచులు పట్టుకున్నాయి,
కళ్ళు కుంపట్లో రవ్వల్లా.

ఆ ఫైలు రాసింది నేనే.
పోయిన కార్తీకంలో ఓనరు పట్టాభి గారు
నెల్లూర్లో కూచుని ఫోన్లో చూసుకోవాలన్నారు.
నెట్‌వర్కు *తర్వాత* అని రాయాల్సినచోట
నెట్‌వర్కు *కావాలి* అని రాశాను.
రెండూ ఒకటేలే అనుకున్నా.
రొయ్య ఊపిరికి నెల్లూరు ఫోనుతో ఏం పని?

చీకట్లో నా వేళ్ళు అక్షరాలు వెతుక్కుంటా ఉంటే
చెంచురామయ్య లుంగీ ఎగ్గట్టి
కట్టమీదకి నడిచాడు.
స్టార్టరు మూత తెరిచి
ఐదో గుంట లేపాడు. ఇరవై దాకా లెక్కెట్టాడు.
ఏడో గుంట. మళ్ళా ఇరవై.
అన్నీ ఒక్కసారే లేపితే ఇంజను గుండాగిద్దంట.
పదకొండేళ్ళ కింద ఓసారి ఆపాడంట.
ఆయన దగ్గర ఏ ఫైలూ లేదు.

ఒక మాట చెరిపి ఒక మాట రాశాను.
మళ్ళీ చదువుకోమన్నాను ఒకటో నెంబరుని.
పన్నెండో గుంట వాడు లేపాడు,
మిగతా పదకొండూ అప్పటికే
నీళ్ళని తెల్లగా చిలకతా ఉన్నాయి.

చిట్టాలో ఆ రాత్రికి పడింది ఇంతే:
ఏరేటర్లు మొదలైనవి, రెండూ యాభై మూడు.
చెంచురామయ్య అందులో లేడు.

తెల్లారి ఆయన అడిగాడు,
ఆ ఒకటో నెంబరోడు నిద్రపోతాడా అని.
పోడు, పెద్దగా పనీ చెయ్యడు,
ఎవరన్నా పడతారేమోనని
కూచునే ఉంటాడన్నాను.
ఆయనేం అనలేదు.
డీజిలు అడుగంటిందనీ
అల్లూరు బంకు ఆరింటికే తెరుస్తారనీ
క్యాను పట్టుకుని పోయాడు.