ఒకటో నెంబరు

అంచు విరిగిన పలకని ఎవరూ కొనరు.
మార్కాపురంలో అవి దొడ్డి గోడలకి పోతాయి,
మా షెడ్డులో మాత్రం పాటలకి.

బుధవారం రాత్రి సిలోను స్టేషను
హిందీ పాటల్ని వరసపెట్టి మెట్లెక్కించేది.
మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు మాకు.
అయినా ఏదో ఒక పాట పదహారు నుంచి మూడుకి ఎగబాకితే
ఊపిరి బిగబట్టేవాళ్లం,
మా ఊరి ఎడ్లే బండ లాగుతున్నట్టు.

డెబ్బయ్యారు. నాకూ పదహారే.
రాయి చీల్చే పని నాది, చట్రాలు బిగించేది దయామణి,
కోత మర మీద ఖాసింపీరా.
సందేళకి ముగ్గురమూ ఒకటే రంగు,
కులం ఆనవాలు పట్టలేనంత బూడిద.
బావికాడ కడుక్కుంటే మళ్లీ కనిపించేది.

మనకెందుకు లేదబ్బయా ఒక లెక్క, అన్నాడు పీరా.
అట్టా మొదలైంది.
గురువారం అన్నాల వేళ నేల మీద పది గడులు,
మనిషికొక రాతి చిల్ల.
చిల్ల పెద్దదైతే రెండు ఓట్లని పాలంకయ్య పేచీ.
మేస్త్రీ వెంగళయ్య వారం వారం ఒకే భక్తి పాటకి వేసి,
అది పదిలోంచి కదల్లేదని
శనివారం కూలిలో పావలా కోసేవాడు.
విజయవాడ రేడియోవి, టూరింగు టాకీసు మైకువి,
పెళ్లిళ్లలో ముల్లు కింద అరిగిపోయినవి,
అన్నీ బరిలోనే.
దయామణి వాళ్ల ఆదివారం పాట ఒకటి
నాలుగు దాకా వచ్చింది.
ఆ వారం మేస్త్రీ పలక వైపు చూడలేదు.

పదకొండు వారాలు ఒకటో నెంబరులో నిలిచింది మాత్రం
పేరు లేని పాట.
ఒక రాత్రి ముల్లు పక్కకి జారితే దొరికింది.
ఇంగ్లీషో, ఇంకేదో. ఆడగొంతు.
వెనక మన డప్పులాగే ఏదో.
అల వస్తే పాట, పోతే గరగర.
గొంతు సరిగ్గా పైకి లేచే చోట
గుంతకల్లు ప్యాసింజరు కూత.
రైలు పోయేసరికి పాటా పోయింది.
మళ్లీ ఏ రాత్రీ దొరకలేదు.
విన్నది ముగ్గురం, ఒక్కసారి.
తక్కిన షెడ్డంతా పీరా కూనిరాగం విని ఓటేసింది.
వాడు కూతని కూడా పాడేవాడు.
అది పాటలోదే అనుకున్నారు అందరూ.
ఏమని రాయాలో తెలీక నేను పలక మీద
ఒకటి: అది
అని రాసేవాణ్ణి.

ఉప్పెన వారం రేడియో నిండా శవాల లెక్క.
ఆ గురువారం గడులు గీయలేదు.
పలక మీద తేదీ రాసి ఊరుకున్నాను.

ఎనభై మూడుకల్లా పీరాకి దగ్గు.
ఒంగోలు డాక్టరు ఎక్స్‌రే కిటికీకి పట్టి
ఇదుగో, ఇక్కడా, ఇక్కడా అని చూపించాడు.
మాకు తెలిసిన రంగే.
తర్వాత వాడు రాగం తీస్తే కూత దాకా వచ్చి
ఆగిపోయేవాడు, గాలి చాలక.
చెక్కపేడు కింద పెట్టి, తల ఎత్తకుండా
దయామణి ఆ కూత వేసేది.
వాడు అవతల నుంచి అందుకునేవాడు.
వాడు పోయిన ఏడాదికి ఆమె గుంటూరు మిల్లుకి పోయింది.
వెళ్తూ ఒక మాటైనా చెప్పలేదు,
నేనూ అడగలేదు.

పలకలు మిగల్లేదు. వారం వారం తడిగుడ్డతో తుడిచినవే గదా.
ఒకటి మా దొడ్డిగోడలో ఉండాలి,
రాత లోపలి వైపుకి.

మొన్న మనవరాలు ఫోను నోటి దగ్గర పెట్టి
ఏ పాటయినా కూనిరాగం తీయి తాతా,
పేరు చెప్తుంది, అంది.
తీశాను.
ఫోను గుండ్రంగా తిరిగి తిరిగి
దొరకలేదంది.
మధ్యలో ఆ రైలు కూత ఎందుకు,
అది లేకుండా ఇంకోసారి తీయి, అంది పిల్ల.

అది లేకుండా నాకు రాదమ్మా, అన్నాను.